నేల చెప్పు సాక్ష్యము

తిరుమల కాలిబాటలో 2023వ సంవత్సరమున జరిగిన ఘోరములను మన ప్రాంతమువారెవ్వరును మఱచియుండరు. ఆ యేడు జూన్ 22వ తేది రాత్రి ఏడవ మైలు చెంత ఒక పసిబాలుని చిఱుతపులి నోట గఱచుకొని పోయినది. చుట్టునున్నవారు కేకలు వైచి వెంబడింపగా విడిచిపోయినది, బాలుడు బ్రదికినాడు. ఆగస్టు 11వ తేది రాత్రి ఆ భాగ్యము రెండవ కుటుంబమునకు లేకపోయినది. తలిదండ్రులతో మెట్లెక్కుచున్న ఆఱేండ్ల బాలిక కనబడకపోయినది. మఱునాటి యుదయమున నరసింహస్వామి గుడి సమీపమున చెట్ల నడుమ ఆమె కళేబరము దొరకినది. స్వామి దర్శనమునకు బయలుదేఱిన ఆ తలిదండ్రులు కొండనుండి ఏమి గొని దిగిరో వ్రాయుటకు మా కలము సాగదు.

పిమ్మట జరిగినదియు పాఠకులెఱుంగుదురు. అటవీశాఖవారు బోనులు పెట్టి, జూన్ మొదలు సెప్టెంబరు వఱకు ఆఱు చిఱుతలను పట్టిరి. దేవస్థానమువారు పదునైదేండ్ల లోపు పిల్లలను మధ్యాహ్నము రెండు గంటలు దాటిన పిదప కాలిబాటలోనికి పోనీయక నిలిపిరి; చీకటివేళ ఘాటురోడ్డులో ద్విచక్రవాహనములను ఆపిరి; నడచిపోవు యాత్రికుల చేతికి కఱ్ఱలనిచ్చిరి. దారి పొడుగున కెమెరాలు కట్టబడినవి. కఱ్ఱలను గూర్చి నవ్వినవారు కొందఱు గలరు. మేము నవ్వము. అడవిదారిని కఱ్ఱ చేతబట్టి గుంపుగా నడచుట మన తాతలనాటి యాచారమే. మా విన్నపము వేఱొకటి. ఆ దారిలో రాత్రి యెవరు నడచిపోయినది, ఎటునుండి వచ్చి యెటు పోయినది, అడిగినచో చెప్పగల సాక్షి యొకటి అచ్చటనే పడియున్నది. అది నేల. దానిని ప్రశ్నించు విద్యకు మన యేర్పాటులలో దక్కవలసిన పీట దక్కలేదని మా యభిప్రాయము.

నేల సాక్ష్యము చెప్పుట క్రొత్తమాట గాదు. హత్య జరిగిన తావున పెనుగులాటవలన నేలపై ఏర్పడిన గుఱుతులు విచారణకు పనికివచ్చు సంగతులేయని 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టము ఏడవ సెక్షనున ఉదాహరణ పూర్వకముగా చెప్పియున్నది. 2024 జూలై 1వ తేదినుండి ఆ చట్టము స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ సూత్రమును విడువలేదు. అంతకు ఎన్నియో శతాబ్దములకు మునుపే యాజ్ఞవల్క్యస్మృతి, దొంగ యడుగుజాడ పొలిమేర దాటి పోయినట్లు చూపలేని గ్రామమువారే పోయిన సొమ్మునకు బాధ్యులని విధించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను ఆశ్రయించి పదుమూడవ శతాబ్దమున కేతన మన తెనుగులో విజ్ఞానేశ్వరీయము వ్రాసెను. జాడ తీయుట వేటగాని వినోదమని తలంచువారు దీనిని గమనింపవలయును. మన ధర్మశాస్త్రమున అది ఊరివారి బాధ్యత.

పులిజాడ యనగానే పట్టణవాసులకు పంజా గుఱుతే తోచును. అది జాడలలో ఒకటి మాత్రమే. పంజా గుఱుతు ఆ జంతువు తలపెట్టి వ్రాసినది గాదు. నడచినది గనుక పడినది. తలపెట్టి వ్రాయునది వేఱు. దానిని మేమిచ్చట గీఱుడని పిలుతుము. చిఱుతగాని పెద్దపులిగాని దారి యంచున నిలిచి వెనుక కాళ్ళు రెంటిని మార్చిమార్చి వెనుకకు గోకును. రెండు చాళ్ళు ప్రక్కప్రక్కన ఏర్పడును. గీఱిన మన్నును రాలిన ఆకులును చాళ్ళ వెనుక కొసను చిన్న కుప్పగా నిలుచును. కుప్ప యెటున్నదో దానికి ఎదుటి దిక్కున జంతువు మొగము. ఇంతమాత్రము నేర్చిన బాలుడైనను ఆ చిఱుత మెట్లవైపు తిరిగియుండెనో లోయవైపు తిరిగియుండెనో చెప్పగలడు. ఆ గీఱుడుపై మూత్రము విడుచుట గలదు, పెంట వేయుట గలదు. ఇదిగాక మ్రానునకు వెనుకభాగము త్రిప్పి, తోక నిక్కించి, పైకి జల్లు చిమ్ముటయు, బెరడుపై ముందుకాళ్ళ గోళ్లు దిగలాగుటయు గలవు. జల్లు చిమ్ముటకు వంగిన మ్రాను నెన్నుకొని దాని క్రిందివైపున చిమ్ముట తఱచు. వాన సులభముగా కడుగలేని తావది. ఎవరు నేర్పిరో గాని మంచి పాఠమే నేర్పిరి.

గీఱిన చోటెల్ల చిఱుతది గాదు. ఊరకుక్కయు మూత్రము పోసి నేల గీఱును. కాని దాని మన్ను చెల్లాచెదరుగా విసరబడును, కుప్పగా నిలువదు. చాళ్ళలో గోళ్ల గీతలు కనబడును. ఎలుగుగొడ్డు చెదపుట్టను త్రవ్వి గుంటలు చేయును. అడవిపంది దుంపలకై మూతితో నేలను దున్నినట్లు పెల్లగించును. అడవికోళ్లును నెమళ్లును ఆకులను చిమ్మును. రేచుకుక్కలు బాటలు కలియు చోట గుంపుగా పెంటవేయును; వాని యడుగులో గోళ్లు పడును. పిల్లిజాతి నడకలో గోళ్లు లోనికి ముడుచుకొనియుండును గనుక నేలపై పడవు. దుమ్ములగొండి పెంట ఎముకల సున్నముచే ఎండి తెల్లబాఱును. చిఱుతకును పెద్దపులికిని భేదము పరిమాణమున దెలియును. చిఱుత గీఱుడు పొట్టిది, ఇఱుకుది. అయినను కొలత నొక్కదానినే నమ్మరాదు. గీఱుడును, దాని చెంతనున్న అడుగును, పెంటలోని వెండ్రుకలును మూడును ఒకే మాట చెప్పినప్పుడే నమ్మవలయును. ఏకసాక్షి మాటపై తీర్పు చెప్పుటకు న్యాయాధిపతి జంకినట్లే జాడకాడును జంకవలయును.

ఎవరిదను ప్రశ్నకు ముందు అడుగవలసినది ఎప్పటిదను ప్రశ్న. అంచులు పదునుగా నిలిచియుండి, గీఱుడు లోపలి మన్ను చుట్టుపట్ల నేలకంటె తడిగా ముదురు రంగున నున్నచో అది క్రొత్తది. దానిపై మంచు పడిన చుక్కలున్నచో వేకువకు మునుపటిది. రాత్రి తిరుగు పురుగులు అడుగుమీదుగా ప్రాకిన సన్నని గీతలున్నచో ఇంకను ముందటిది. సాలెపట్టు అల్లుకొన్నచో, ఆకులు రాలి నిండినచో, పాతది. శేషాచలపు టెండకు ఇసుక యడుగు మధ్యాహ్నమునకే విరిగిపోవును. అందువలన ఈ చదువు సూర్యోదయమునకు చేయవలసినదే గాని, పదిగంటలకు కచేరి తెఱచిన పిదప చేయునది గాదు.

ఇక ఈ గీఱుళ్లు ఎవరిని గూర్చి వ్రాయబడినవి? మనలను గూర్చి గాదు. యాత్రికుల బెదరించుటకు చిఱుత నేల గీఱునని యనుకొనుట వట్టి భయము. ఆ జాబు తన జాతివారికి. మగది మగవానికి పొలిమేర చెప్పును. ఆడుది జోడు కాలమున తన సంగతి తెలుపును. నేపాళములోని చిత్వన్ అడవిలో పెద్దపులులను ఏండ్లతరబడి కనిపెట్టి, స్మిత్, మెక్‌డూగల్, మికెల్ అను శాస్త్రజ్ఞులు 1989లో ప్రకటించిన దానినిబట్టి, రెండు పులుల యేలుబడులు కలియు చోట గుఱుతులు దట్టముగా నుండును. క్రొత్తగా తావు పట్టుకొన్న జంతువు మఱింత యెక్కువగా గుఱుతు పెట్టును. గుఱుతు పెట్టుట మానినచో పొరుగుది ఆక్రమించును. మా వృత్తిలోని మాటగా జెప్పవలెనన్న, అడవిలో పత్రముచే సిద్ధించు హక్కు లేదు, అనుభవమొక్కటే హక్కు. కౌలు ప్రతి కొన్ని దినములకును తిరుగ వ్రాయవలసినదే.

గుఱుతు పెట్టు వాసనను గూర్చి మన తిరుపతివారికి ఎవరును క్రొత్తగా చెప్పనక్కఱలేదు. శ్రీవారికి శుక్రవారము అభిషేకానంతరము పూయు పునుగు తైలమెచ్చటిది? పునుగుపిల్లి తన యేలుబడి తెలుపుటకు కొయ్యలకు రాచు గ్రంథిద్రవమే యది. దేవస్థానమువారు పునుగుపిల్లులను పెంచి, గంధపు కొయ్యకు అది రాచిన దానిని సేకరించుట లోకవిదితము. ఒక చిన్న మాంసాహారి పొలిమేర గుఱుతు ఏడుకొండలవాని మేని పూత యయినది; దాని పెద్ద చుట్టము అదే కొండపై వ్రాసిన గుఱుతును మాత్రము మనము త్రొక్కి పోవుచున్నాము. వంగదేశీయుడైన రతన్‌లాల్ బ్రహ్మచారి గారు పులి చిమ్ము ద్రవమును దశాబ్దములు పరిశోధించి, సువాసన బియ్యమున కా పరిమళము నిచ్చు పదార్థమే అందునున్నదని ప్రకటించిరి. అడవిలో అన్నము వండిన వాసన వచ్చినచో నడక నిలిపి చూడుమని వేటగాండ్రు చెప్పినది కల్పనయని యిక నవ్వరాదు.

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. తావు గల చిఱుత గీఱును. తావు లేక తిరుగు పడుచు చిఱుత సాధారణముగా గీఱదు, గీఱినచో యజమానునికి తెలిసిపోవును. కాబట్టి ఒక దారిలో అడుగులును గీఱుళ్లును నెలల తరబడి కలిసి కనబడుచున్నచో అది కాపురమున్న జంతువు. అట్టిది ఏండ్లుగా మనుష్యుల ప్రక్కనే తిరుగుచు ఎవరిని ముట్టకయే యుండవచ్చును. గీఱుళ్లు ఆగిపోయి, క్రొత్త యడుగులు మాత్రము మెట్ల దరిని, అంగళ్ల వెనుక, ఎంగిలియాకుల గుట్టల చుట్టు తిరుగుచున్నచో అప్పుడు భయపడవలయును. ఈ భేదము తెలియక బోను పెట్టినచో బోనులో పడునది ఎవరు? ఆ దారిని ప్రతిదినము తిరుగు కాపురస్థుడే మొదట పడును. కాపురస్థుడు పోయిన తావు ఖాళీగా నుండదు. మహారాష్ట్రములోని జున్నరు ప్రాంతమున చిఱుతలను పట్టి వేఱుచోట విడుచు పద్ధతి 2001లో ముమ్మరమయ్యెను. దానిని పరిశీలించి విద్యా ఆత్రేయ గారును వారి సహచరులును 2010లో ప్రకటించిన లెక్కనుబట్టి, అంతకు మునుపు మనుష్యులపై సగటున ఏటికి 4గా నున్న దాడులు పిమ్మట 17కు పెరిగినవి. ఈ సంఖ్యను మన పెద్దలు గోడకు వ్రాయించుకొనవలయును.

తిరుమల దారిలో పట్టబడిన ఆఱింటిలో దోషి యెవరు, పొరుగువా రెవరు? ఒక వీధిలో హత్య జరిగినదని ఆ వీధిలోని ఆర్గురిని జైలులో పెట్టినచో ఏ మేజిస్ట్రేటు ఒప్పుకొనును? 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము పదునొకండవ సెక్షను, మొదటి పట్టికలోని జంతువు మనుష్య ప్రాణమునకు అపాయకరమైనదని రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి సంతృప్తుడై, కారణములు వ్రాసి యుత్తరువిచ్చినగాని దానిపై చర్య గైకొనరాదనుచున్నది. చిఱుత ఆ పట్టికలోనిదే. కారణములు వ్రాయవలయునన్న ఆధారము కావలెను గదా. ఆధారము నేలపై నున్నది; ఒక వాన కురిసినచో, నూఱుమంది గుంపుగా వచ్చి త్రొక్కినచో పోవును. నేరస్థలమునకు పోలీసువారు త్రాడు కట్టినట్లు ఇచ్చటను మొదట త్రాడు కట్టి, జాడకాడు వచ్చి చదివిన పిదపనే తక్కినవారు అడుగుపెట్టవలయును. బిడ్డ పోయిన రాత్రి వెదకుటయే ముఖ్యము, అందు సందేహము లేదు. ఆ మఱునాటి మాటను మేము చెప్పుచున్నాము.

ఇచ్చట విద్యావంతు లొక యాక్షేపణ తెత్తురు. పంజా గుఱుతుల లెక్క దేశమంతట అబద్ధమని తేలినది గదా యందురు. నిజమే. ఒరిస్సా అటవీ యుద్యోగి సరోజ్ రాజ్ చౌధురి గారు 1966లో ప్రవేశపెట్టిన ఆ పద్ధతిని గైకొని 1972లో దేశములో 1827 పెద్దపులులున్నవని లెక్క తేల్చిరి. పద్ధతి ముప్పదేండ్లకు పైగా నడచినది. రాజస్థానమునందలి సరిస్కాలో 2004లో పదునాఱు మొదలు పదునెనిమిది వఱకు పులులున్నవని కాగితములపై వ్రాసిరి. 2005లో చూడగా ఒక్కటియు లేదు. 2006 నుండి కెమెరాల పద్ధతి వచ్చినది. కాని అచ్చట నేల యబద్ధమాడలేదు; పద్దు వ్రాసినవా రాడిరి. ఒక్కొక్క పులికి ఒక్కొక్క యడుగు విడిగా గుర్తింపవచ్చునని పట్టుబట్టుట పొరపాటు. ఒక జంతువు ఈ దారిని రాత్రి నడచినదా లేదా యనుట ఆ ప్రశ్న గాదు. కెమెరాల వారును మొదట అడవిలో నడచి పెంట, అడుగు, గీఱుడు వెదకి, పిదపనే కెమెరా యెచ్చట కట్టవలయునో నిర్ణయించుకొందురు. చదువురాని వానికి కండ్లద్దములిచ్చిన మాత్రమున గ్రంథము తెలియునా?

మఱొక యాక్షేపణ న్యాయమైనది. అలిపిరి దారి రాతిమెట్ల దారి, పైకప్పు గలది. దానిపై అడుగు పడదు. అందులకు ఉపాయము పాతదే. మెట్లకు ఇరుప్రక్కల, చిఱుతలు దాటు వాగుల మూతులయొద్ద, మెత్తని ఇసుక పట్టెలు పఱచవలయును. ప్రతి సాయంకాలము చీపురుతో చదును చేయవలయును. ప్రతి యుదయము చదువవలయును. పులుల యభయారణ్యములలో ఇట్టి పట్టెలు పఱచుట చిరకాలముగా నున్నదే. గాలిగోపురము మొదలు ఏడవ మైలు మీదుగా మోకాళ్ళమెట్టు వఱకు ఇట్టి పట్టెలున్నచో, ఏ వాగునుండి ఎన్ని దినములకొకసారి చిఱుత దారికి వచ్చుచున్నదో ఒక నెలలో తేటపడును. దాని ప్రక్కనే కుక్కలును పందులును ఎన్ని తిరుగుచున్నవో అదియు వ్రాయబడును. యాత్రికులు వేయు ఆహారపు ముక్కలకు జింకలును, పారవేసిన యెంగిలికి కుక్కలును, వానికై చిఱుతయు వచ్చుట ఎవరి నేరమో అప్పుడు పట్టెయే చెప్పును.

చదువువారెవరు? ఇదియే మాకు ముఖ్యముగా దోచు ప్రశ్న. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ చట్టము మొదలుకొని ఈ కొండలలోనికి కాలుపెట్టుటయే నేరమైన కుటుంబములు మన ప్రాంతమున గలవు. యానాదులు, నక్కలవారు, కోనలలో గొఱ్ఱెలు తోలిన కాపరులు ఇందులోనివారు. పుస్తకములో లేని ఈ చదువు వారి యింటిలో గలదు. అడవికి పోనీయనిచో రెండు తరములలో అది మాసిపోవును, చాలవఱకు మాసిపోయినది కూడ. భాకరాపేట దాపున చామల లోయలోని పెద్దపులిని గూర్చి కెన్నెత్ ఆండర్సన్ దొర 1954లో వెలువడిన గ్రంథమున వ్రాసెను. ఆ కథను నేడును చదువువారు గలరు. అట్టి దొరలకు ముందు నడచి నేల చూపిన మన పల్లెవారి పేర్లు ఎందఱు చెప్పగలరు? నల్లమలలో మాత్రము అటవీశాఖవారు చెంచులనే జాడ తీయు కావలివాండ్రుగా నియమించుకొని పని చేయించుచున్నారు. నాగార్జునసాగర్ శ్రీశైలము అభయారణ్యమునకు తగినది శేషాచలమునకు తగకపోవుటకు కారణమేదియో మాకు కనబడదు. శ్రీ వేంకటేశ్వర జాతీయవనము 1989లో 353 చదరపు కిలోమీటర్లలో ఏర్పడినది. 2010లో శేషాచలమంతయు జీవావరణ రక్షితప్రదేశమని ప్రకటింపబడినది. పేర్లు పెద్దవైనవి; నేల చదువువాని కూలి మాత్రము దినకూలిగా నుండరాదు.

ఈ జాడకాండ్రకు నెలజీతము, బీమా, వారి పిల్లలకు చదువు ఏర్పఱుపవలయునని దేవస్థానపు ధర్మకర్తల మండలివారిని, అటవీశాఖవారిని కోరుచున్నాము. ప్రతి యుదయము వారు వ్రాయించు నాలుగు పంక్తులను అలిపిరి యొద్దను శ్రీవారి మెట్టు యొద్దను పలకలపై తెలుగు, తమిళము, కన్నడము, హిందీ భాషలలో నుంచవలయును. నిన్నటి రాత్రి ఫలాని వాగుకడ పెద్ద చిఱుత దాటినది, ఫలాని చోట పిల్లతోకూడిన ఆడుది తిరుగుచున్నది, నేడు ఆ భాగమున పిల్లలను చేయిపట్టుకొని నడుపుడని వ్రాసియున్న యాత్రికుడు పారిపోడు, చేయి పట్టుకొనును. బిడ్డ పది మెట్లు ముందు పోవుటకును, తల్లి చేతనుండుటకును గల యంతరమే ఇందు జీవన్మరణ సమస్య.

మన పట్టణపు చదువరులకును ఇందు పనిగలదు. కపిలతీర్థము వెనుక వేకువ షికారు పోవువారు, విశ్వవిద్యాలయముల యావరణలలో చిఱుత కనబడెనని కేక విన్న వెంటనే సెల్‌ఫోను తీసికొని పరుగెత్తువారు, ఆ నేలను త్రొక్కి చెఱుపక, గీఱుడు ప్రక్కన ఒక చీటియుంచి ఛాయాచిత్రము తీసి, కుప్ప యే దిక్కున నున్నదో, గంట యెంతయైనదో వ్రాసి అటవీ కచేరికి పంపవచ్చును. వెదకుకొనుచు లోనికి పోరాదు. చూచుట వేఱు, వెంటాడుట వేఱు.

ఖర్చు మాట యెత్తువారికి లెక్క చూపుటకు మేము సిద్ధము. వాగు ఇసుక కొండలోనే యున్నది. చీపుళ్లు తిరుపతి సంతలో దొరకును. పట్టె కిద్దఱు మనుష్యులు, ఒక లాంతరు, ఒక పుస్తకము. సాయంకాలము చదును చేసినవాడే ఉదయమున చదువవలయును. ఏలయన తాను తుడిచిన నేలపై తన యడుగు కానిదేదియో వానికే వెంటనే తెలియును. మొదటి పట్టె ఏడవ మైలు కడను, రెండవది నరసింహస్వామి గుడి వెనుకను వేయుదురుగాక.